మృదంగం మీద నల్లమచ్చ

చర్మం బిగించి కొట్టే వాద్యానికి శ్రుతి ఉండడం మనం అనుకున్నంత మామూలు సంగతి కాదు. డప్పుకు ఊపు ఉంది, ఊరి పొలిమేర దాటి వినిపించే గట్టిదనం ఉంది. కాని ఇదిగో షడ్జమం అని పట్టి చూపగలిగిన స్వరం దానిలో వెతికితే దొరకదు. ప్రపంచంలో తోలు వాద్యాలు చాలావరకు ఇంతే. మృదంగం కుడి వైపు మాత్రం వేలితో మీటగానే స్వరం పలుకుతుంది. గాయకుడి ఆధార షడ్జమంతో దాన్ని కలపవచ్చు, రవ్వంత తగ్గితే సభలో ముందు వరుసవాళ్లు గుర్తుపట్టవచ్చు. రెండు వాద్యాల్లోనూ ఉన్నది బిగించిన చర్మమే. తేడా అంతా మృదంగం కుడి ముఖం మధ్యలో గుండ్రంగా పరచుకున్న నల్లమచ్చలో ఉంది. ఆ మచ్చ మనిషి చెవి ఎలా వింటుందన్న ప్రశ్నకు మృదంగం కట్టేవాళ్లు తరాల తరబడి వెతికి పట్టుకున్న సమాధానమని నా వాదన. శబ్దాన్ని మనిషి ఎలా గ్రహిస్తాడో పరిశీలించే శాస్త్రానికి ఇప్పుడు సైకో ఎకౌస్టిక్స్ అని పేరుంది. దాని చరిత్రను జర్మనీలో మొదలుపెట్టి అమెరికా ప్రయోగశాలల్లో ముగించడం పుస్తకాలకు అలవాటు. ఆ చరిత్రలో మృదంగం కట్టే పనికీ చోటు ఉండాలి.

ముందు చిక్కు ఎక్కడుందో చూడాలి. తీగను మీటితే అది ఒక్క రీతిలో కంపించి ఊరుకోదు. మొత్తం తీగ ఒకటిగా ఊగుతూనే, రెండు సగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది. అందువల్ల మూల స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం ఉన్న అతిస్వరాలు పుడతాయి. ఈ పూర్ణాంకాల వరుసను చెవి విడివిడిగా లెక్కపెట్టదు, అన్నిటినీ కలిపి ఒకే స్వరంగా వింటుంది. గుండ్రటి చర్మం తీరు వేరు. దాని అతిస్వరాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30, 2.65 రెట్లు, ఇలా ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. వీటిని ఒకే స్వరంగా కూర్చడానికి చెవికి ఆధారం దొరకదు, అందుకే అది చప్పుడుగా మిగిలిపోతుంది. చర్మాన్ని ఎంత బిగించినా ఈ నిష్పత్తులు మారవు. బిగింపు పెరిగితే అన్నీ కలిసి పైకి పోతాయి, అంతే. కాబట్టి తోలు వాద్యానికి శ్రుతి కావాలనుకున్నవాడు బిగింపుతో సాధించలేడు, చర్మం స్వభావాన్నే మార్చాలి.

స్వరం వినబడడానికి చెవికి ఏం కావాలన్న ప్రశ్న మీద 19వ శతాబ్దపు జర్మనీలో పెద్ద వివాదమే నడిచింది. అవుగుస్ట్ జేబెక్ 1841లో సైరన్‌తో ప్రయోగాలు చేశాడు. చుట్టూ రంధ్రాలున్న పలక తిరుగుతుంటే రంధ్రాల మీదికి గాలి ఊదడం ఆ పద్ధతి. రంధ్రాల మధ్య దూరాన్ని ఒకటి విడిచి ఒకటి కొద్దిగా మార్చి చూశాడు. లెక్క ప్రకారం మూల స్వరం చాలా బలహీనంగా ఉండాల్సిన చోట కూడా అది చెవికి స్పష్టంగా, గట్టిగా వినబడింది. విద్యుత్ నియమంతో మనకు తెలిసిన గియోర్గ్ ఓమ్ దీన్ని ఒప్పుకోలేదు. గాలిలో ఏ పౌనఃపున్యం ఉంటే చెవి ఆ స్వరాన్నే వింటుంది, మిగతాది భ్రమ అన్నాడు. స్వరం అంటే ఏమిటో తేల్చవలసింది చెవే కదా, చెవి విన్నదాన్ని భ్రమ అనడం ఎలా కుదురుతుందన్నది జేబెక్ పట్టు. 1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ తన స్వరశాస్త్ర మహాగ్రంథంలో ఓమ్ వైపు మొగ్గడంతో జేబెక్ మాట చాలాకాలం మరుగున పడింది. 1940 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో స్కౌటెన్ మూల స్వరాన్ని పూర్తిగా తీసేసి, పై అతిస్వరాలను మాత్రమే వినిపించి చూశాడు. శ్రోతలకు అదే స్వరం వినబడింది. చెవి అతిస్వరాల వరుసను పోల్చుకుంటుంది, లేని మూలాన్ని ఆ వరుస నుంచే గ్రహిస్తుంది అన్న అవగాహన అక్కడినుంచి బలపడింది. పాత తరహా టెలిఫోను సాధారణంగా 300 హెర్ట్జ్‌కు దిగువ శబ్దాన్ని పంపదు, మగవాడి గొంతు మూల స్వరం అంతకంటే చాలా కింద ఉంటుంది. అయినా అలాంటి ఫోనులో తండ్రి గొంతు తండ్రి గొంతులాగే వినిపించడానికి కారణం ఇదే.

ఈ వెలుగులో మృదంగం తయారీని చూడాలి. పనస మొద్దును తొలిచి, రెండు వైపులా చర్మాలు వేసి, వార్లతో లాగి కట్టాక అసలు పని మొదలవుతుంది. ఇనుప ధాతువున్న నల్లరాతిని మెత్తగా పొడిచేసి, మెదిపిన అన్నంతో కలిపి ముద్ద చేస్తారు. దాన్ని చర్మం మధ్యలో పలచగా రాసి, నున్నటి రాయితో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ పైన ఇంకో పొర వేస్తారు. మధ్యలో మందంగా, అంచుల దగ్గర పలచగా వచ్చేలా పొర మీద పొర పెరుగుతుంది. రుద్దుడుకు ఆ ముద్ద సన్నని పగుళ్లుగా విడిపోతుంది. ఆ పగుళ్లు లోపం కావు, అవే లేకపోతే మచ్చ పెంకులా గట్టిపడి చర్మాన్ని ఊగనివ్వదు. పొర పడిన ప్రతిసారీ వేలితో మీటి వింటారు. నాదం ఇంకా చెదురుగా ఉంటే మరో పొర, కుదిరిందనిపిస్తే ఆపెయ్యడం. కొలబద్ద లేదు, తూకం లేదు. ఎప్పుడు ఆపాలో చెప్పేది చెవి ఒక్కటే. ఇది ప్రయోగమే. ఒక అంశాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, ప్రతి మార్పు తర్వాత శ్రోత తీర్పు తీసుకుంటూ, తీర్పు స్థిరపడిన చోట ఆగే పద్ధతి. వినికిడి ప్రయోగశాలల్లో నేటికీ వాడే పద్ధతుల సారం ఇంతకంటే దూరంగా ఏమీ లేదు. తేడా ఒకటే. ఇక్కడ ఫలితం పట్టికలో కాకుండా వాద్యం మీదే నిలిచింది.

ఆ ఫలితాన్ని మొదట భౌతికశాస్త్రం భాషలో చదివినవాడు సి.వి. రామన్. ఆయన బాల్యంలో దాదాపు పదేళ్లు విశాఖపట్నంలో గడిచాయి. తండ్రి అక్కడ ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, సంగీతం ఉన్న ఇల్లు. తన ఆలోచనను మలచిన మూడు పుస్తకాల్లో హెల్మ్‌హోల్ట్జ్ స్వరశాస్త్ర గ్రంథం ఒకటని రామన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగం చేసుకుంటూ, ముందూ వెనుకా దొరికిన సమయంలో బౌ బజారులోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు చేసేవాడు. కాంతి పరిక్షేపణం మీద పని ఆయనకు నోబెల్ తెచ్చింది. అంతకుముందు ఆయనకు పేరు తెచ్చింది మాత్రం శబ్దమే. ఏక్‌తారా, వయొలిన్, వీణ, తంబురా అన్నీ ఆయన బల్ల మీదికి వచ్చాయి. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో మృదంగం, తబలా చర్మాల గురించి చిన్న వ్యాసం ప్రచురించాడు. ఈ వాద్యాల అతిస్వరాలు తీగ అతిస్వరాల్లాగే పూర్ణాంకాల వరుసలో పలుకుతున్నాయని అందులో చూపాడు. ఆ తర్వాత బెంగళూరు నుంచి వెలువడిన సుదీర్ఘ పత్రంలో లెక్క పూర్తిచేశాడు. చర్మం మీద సన్నని ఇసుక చల్లి, వేలితో అక్కడక్కడ తాకుతూ మీటితే కదలని గీతల మీద ఇసుక పోగవుతుంది. ఆ బొమ్మల ఆధారంగా ఆయన తొమ్మిది కంపన రీతులను గుర్తించాడు. ఆ తొమ్మిదీ కలిసి అయిదు స్వరాలుగా సర్దుకుంటున్నాయి. మూలానిదీ, దాని రెట్టింపుదీ ఒక్కొక్క రీతి, మూడో స్వరానికి రెండు, నాలుగో స్వరానికి రెండు, అయిదో స్వరానికి మూడు. మచ్చ లేని చర్మంలో దారికొకటిగా పోయే రీతులను మధ్యలోని బరువు జంటలుగా, గుంపులుగా ఒకే స్వరం దగ్గరికి తెచ్చి కూర్చోబెడుతోందన్నమాట. 1954లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి బి.ఎస్. రామకృష్ణ, మన్ మోహన్ సోంధీ దీనికి గణిత రూపం ఇచ్చారు. రెండు వేర్వేరు సాంద్రతలున్న చర్మంగా లెక్కకట్టి, రామన్ చూసిన అమరిక ఎలా వస్తుందో చూపారు.

రామన్ చూపినది చర్మం ఎలా కంపిస్తుందో. ఆ అయిదు స్వరాలు చెవికి ఎందుకు సరిపోయాయన్నది వేరే ప్రశ్న. ఇక్కడే నా వాదనకు గట్టి ఆధారం దొరుకుతుంది. 1967లో నెదర్లాండ్స్ పరిశోధకుడు రిట్స్‌మా ఒక విషయం తేల్చాడు. స్వరస్థానాన్ని నిర్ణయించేటప్పుడు చెవి అన్ని అతిస్వరాలకూ సమానమైన విలువ ఇవ్వదు. మూల స్వరం సుమారు 100 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఉన్నప్పుడు మూల స్వరాన్నే ఒకటోదిగా లెక్కిస్తే మూడు, నాలుగు, అయిదో అతిస్వరాల మాటే ఎక్కువగా చెల్లుతుంది. మిగతావాటిని కాస్త అటూ ఇటూ జరిపినా చెవి పట్టించుకోదు, ఈ మూడింటిని జరిపితే మాత్రం స్వరం జరిగినట్టే వింటుంది. ఇప్పుడు రామన్ లెక్కను మళ్లీ చూడండి. మచ్చ సర్దుబాటు చేసింది సరిగ్గా అయిదో స్వరం దాకా. ఒకటికి మించిన రీతులను గుదిగుచ్చి తెచ్చింది మూడు, నాలుగు, అయిదు స్థానాల్లోనే. చెవి ఎక్కడ బాగా పట్టించుకుంటుందో సరిగ్గా అక్కడే ఎక్కువ శ్రమ పడింది. భౌతికశాస్త్రం వైపు నుంచి మాత్రమే చూస్తే అయిదు దగ్గరే ఆగడానికి ప్రత్యేక కారణం కనిపించదు. చెవి వైపు నుంచి చూస్తే కనిపిస్తుంది. పొర వేసి విని, ఇక చాలు అనుకున్న కట్టేవాడి తీర్పులో ఆ కారణం ఉంది.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో మొదటిది యూరప్ నుంచి. అక్కడి నగారా లాంటి టింపనీకి మచ్చ లేకుండానే శ్రుతి ఉంది కదా అని. ఉంది. 1870ల చివర్లో ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ దాన్ని పరిశీలించాడు. పెద్ద గిన్నె మీద బిగించిన చర్మాన్ని ఊపేటప్పుడు దానితో కలిసి ఊగే గాలి బరువు కొన్ని రీతులను కిందికి దించుతుంది, అవి ఇంచుమించు 2, 3, 4, 5 నిష్పత్తుల్లోకి వస్తాయి. అంటే అక్కడా చెవి కోరుకున్నది అదే వరుస. సాధించిన దారి వేరు, అమరిక పూర్తి కాదు, అందుకే టింపనీ స్వరంలో కొంత మసక ఉంటుంది. రెండు ఖండాల్లో రెండు వేర్వేరు ఉపాయాలు ఒకే గమ్యం వైపు నడిచాయంటే, ఆ గమ్యాన్ని నిర్ణయించినది చర్మం కాదు, వినేవాడి చెవి అని తెలుస్తోంది. కాబట్టి ఈ ఆక్షేపణను నేను నా పక్షపు సాక్ష్యంగానే తీసుకుంటాను.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ముద్ద రాయడం స్వరం కోసం మొదలైందని రుజువేమిటి? చర్మం మధ్యలో బరువు పెడితే నాదం లోతుగా వస్తుంది, ఆ లోతు కోసమే మొదలుపెట్టి ఉండవచ్చు. నాట్యశాస్త్రం పుష్కర వాద్యాలకు నదీతీరపు మట్టి పూయడం గురించి చెబుతుంది. బర్మా వాద్యబృందాల్లోని మద్దెలలకు నేటికీ అన్నం, బూడిద కలిపిన ముద్దతో శ్రుతి సరిచేస్తారు. మన మృదంగంలోనే ఎడమ వైపు తొప్పికి కచేరీ ముందు తడి రవ్వ ముద్ద పెట్టడం లోతైన గుంకారం కోసం. ఆ ముద్ద తాత్కాలికం, కచేరీ అయ్యాక తీసేస్తారు. ఈ అభ్యంతరాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. ముద్ద రాయడం లోతు కోసమే మొదలై ఉండవచ్చు. కాని అలా ఒప్పుకోవడం వల్ల కుడి వైపు మచ్చకు వివరణ దొరకదు. లోతే లక్ష్యమైతే ఒక్క పట్టున మందంగా పులిమితే సరిపోయేది. అంచుకు పోనుపోను పలచబడే ఆ ఆకారం, రుద్ది రుద్ది రప్పించే ఆ పగుళ్లు, పొరపొరకూ వినడం, ఇవేవీ లోతుకు అవసరం లేదు. ఒకే వాద్యానికి ఎడమ వైపు తాత్కాలిక ముద్ద, కుడి వైపు శాశ్వతమైన మచ్చ ఉండడమే రెండు లక్ష్యాలు వేరని చెబుతోంది. ఆచారం పుట్టుక ఒక కారణం వల్ల కావచ్చు, అది నిలబడి మెరుగుపడడానికి కారణం మరొకటి కావచ్చు. చరిత్రకు రెండోదే ముఖ్యం.

మూడోది, తెలియక చేసిన పనిని జ్ఞానం అనవచ్చా అన్నది. దీనికి ఎదురుగా మరో చివర అన్నీ మన పూర్వులకు ముందే తెలుసనే వాదన నిలబడుతుంది. ఈ ఎదుటి వాదనతో నాకు పేచీ ఉంది. పౌనఃపున్యం అనే భావన మృదంగం కట్టేవాళ్ల దగ్గర లేదు, కంపన రీతుల లెక్క లేదు, ఉన్నట్టు చెప్పడం రామన్ శ్రమనూ వాళ్ల శ్రమనూ తక్కువ చేయడమే. వాళ్లకున్నది మరో రకం జ్ఞానం. నాట్యశాస్త్రంలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. రెండు వీణలను ఒకేలా శ్రుతి చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ, ఎప్పుడు ఏ స్వరం పక్క వీణలోని ఏ స్వరంతో కలుస్తుందో చెవితో తేల్చుకుంటూ ఇరవైరెండు శ్రుతులను చూపే పద్ధతి అది. సంఖ్యలుగా వాటి కొలత ఏమిటో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాని పోల్చి వినడమే కొలత అన్న పద్ధతి మాత్రం అక్కడ స్పష్టంగా ఉంది. పోల్చడం, మార్చడం, మళ్లీ అదే ఫలితాన్ని రప్పించగలగడం, నేర్పగలగడం, ఇవి ఉన్నచోట జ్ఞానం లేదనడం నాకు న్యాయంగా తోచదు. మృదంగం కట్టేవాడు ఒక వాద్యానికి కాకతాళీయంగా శ్రుతి కుదుర్చుకుని ఊరుకోలేదు. చర్మం పాతబడి మచ్చ రాలిన ప్రతిసారీ, వేరే చర్మం మీద, వేరే వాతావరణంలో, మళ్లీ అదే కుదుర్చాడు.

ఇక ఆ చెవి ఎవరి చెవి అన్న ప్రశ్న మిగులుతుంది. లండన్‌లో అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో భారతదేశంతో సహా పలు దేశాల వాద్యాల స్వరాలను కొలిచి, ప్రకృతి నియమించిన ఒకే స్వరక్రమం ఎక్కడా లేదని, అవి మనుషులు ఏర్పరచుకున్నవని తేల్చాడు. 2016లో శబ్దగ్రహణ పరిశోధకుడు మెక్‌డెర్మట్ బృందం బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజలను పరిశీలించినప్పుడు, మనకు ఇంపుగా, కటువుగా తోచే స్వరాల జోడింపులు వాళ్లకు రెండూ ఒకేలా తోచాయి. అంటే అతిస్వరాల వరుసను ఒకే స్వరంగా కూర్చే శక్తి చెవికి ఉన్నా, దానికి ఎంత విలువ ఇవ్వాలో సంస్కృతి నేర్పుతుంది. మనకు అది నేర్పినది తంబురా. తీగలు ఆనే వంపు తిరిగిన గుర్రం మీద, తీగ కింద జీవా దారం పెట్టినప్పుడు తీగ గుర్రాన్ని రాసుకుంటూ కంపిస్తుంది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే అక్కడ నిశ్చలంగా ఉండవలసిన అతిస్వరాలు పుట్టకూడదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ నియమం. తంబురా, వీణ ఈ నియమాన్ని దాటి అతిస్వరాల పూర్తి వరుసను పలికిస్తాయని రామన్ 1921లో చూపాడు. షడ్జమ, పంచమాలకే శ్రుతి చేసిన తంబురాలో అంతర గాంధారం వినబడడం అందుకే. అది మంద్ర తీగ అయిదో అతిస్వరం. విజయనగర రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రాసిన 'స్వరమేళకళానిధి'లో వీణ మెట్ల అమరికకు ఆధారంగా స్వయంభూ స్వరాల ప్రస్తావన చేశాడు. అవి ఈ అతిస్వరాలేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ వరుసను వేళ్లతో వెతికి, చెవితో ఒప్పుకున్న సంప్రదాయమే మృదంగాన్ని కూడా అదే వరుసలోకి రమ్మని అడిగింది. డప్పును ఎవరూ అలా అడగలేదు. మంటకు కాచి, బిగువు తెచ్చుకుని, ఊరేగింపులో దూరానికి వినబడడం దాని బాధ్యత. దానికి నల్లమచ్చ వేస్తే ఆ బాధ్యత చెడుతుంది. ఒకటి శాస్త్రీయం, మరొకటి కాదు అనే తరతమ భావానికి శబ్దశాస్త్రంలో ఆధారం ఏదీ లేదు.

ఆ తరతమ భావం మాత్రం చరిత్రలో తన పని తాను చేసింది. తోలు పని చేసే చేతులను ఊరి బయట ఉంచిన సమాజం మృదంగం వాయించినవాళ్ల పేర్లు రాసుకుంది, కట్టినవాళ్ల పేర్లు రాసుకోలేదు. కోలంక వెంకటరాజు, దండమూడి రామమోహనరావు వాయించిన వాద్యాలకు మచ్చ వేసిందెవరో ఎంతమందికి తెలుసు? తమిళనాడులోని మృదంగ నిర్మాతల కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాసేదాకా ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ వేయలేదు. వాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. పాలఘాట్ మణి అయ్యర్ లాంటి విద్వాంసుడు తనకు కావలసిన నాదం గురించి కట్టేవాడితో ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాడని, ఆ సంభాషణలోనే వాద్యం మారిందని ఆ పుస్తకం చెబుతుంది. తెలుగునాట అలాంటి పుస్తకం రావాలి. ఏ రాయి, ఎంత మెత్తన, ఎన్నో పొర దగ్గర నాదం తిరుగుతుంది, ఏ మీటులో వింటే లోపం బయటపడుతుంది అన్నవి ఈ పని చేస్తున్నవాళ్లు చెప్పగా రాసుకోవాలి, ప్రతి పొర తర్వాతా మీటి ఆ నాదాన్ని రికార్డు చేసి పెట్టుకోవాలి. రామన్ కొలిచినది పూర్తయిన మచ్చను. మొదటి పొరకూ చివరి పొరకూ మధ్య అతిస్వరాలు ఒక్కొక్కటిగా తమ చోటికి ఎలా నడిచి వస్తాయో, ఆ నడకలో ఏ క్షణాన కట్టేవాడి చెవి ఇక చాలు అంటుందో రాసిపెడితే, జేబెక్ ఓమ్‌తో పడిన వాదానికి మన వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం చేరుతుంది.